మూడో కాలు కింద ఇసుక

ఆ రోజు ఆ ఇంట్లో ఉన్నది నలుగురు.

మొదటివాడు బారల మామ. ఏటి వంతెన దగ్గర లోతు కొలిచే ఉద్యోగి. రెండు చేతులూ చాపితే ఒక బార. ఆ లెక్కన తాడుకి బారకో ముడి వేసి, చివర ఇనప గుండు కట్టి, వంతెన రెయిలింగు మీంచి కిందికి వదిలేవాడు. ఇసుక ఎంత లోతులో ఉందో చెప్పేవాడు. ఇరవై ఆరేళ్ళుగా అదే పని. అసలు పేరు సర్వీసు పుస్తకంలో ఉంది కానీ ఎవరి నోటా లేదు.

రెండో మనిషి ఆయన భార్య. మోకాళ్ళ నొప్పులు. గుమ్మం దాటి పది అడుగులు వేస్తే పదకొండోది వేయలేదు.

మూడో మనిషి కూతురు. అవతలి ఒడ్డున బట్టలు కుట్టే షాపులో పని చేస్తుంది. రోజూ ఎనిమిదింటి బస్సులో వంతెన దాటాలి. ఆ రోజు వానకి షాపు తెరవలేదు.

నాలుగోవాడు అల్లుడు. చేతి బోర్లు వేస్తాడు. వానాకాలం పని ఉండదు. పెరట్లో పైపులు, ఇంట్లో అతను, రెండూ ఖాళీగా పడి ఉన్నాయి.

పదకొండు గంటలకి ఇంజనీరు వచ్చాడు. పావుగంట కూర్చున్నాడు. ఇచ్చిన టీ సగం తాగి లేచాడు. అతన్నీ కలుపుకుంటే ఐదుగురు.

ఇదంతా గురువారం సంగతి.

మధ్యాహ్నం మూడింటికి బారల మామ తాడు భుజాన వేసుకుని బయటికి వెళ్ళాడు.

శుక్రవారం ఉదయం ఆరు యాభైకి, వంతెనకి కిలోమీటరున్నర దిగువన, రేవు మెట్ల దగ్గర శవమై తేలాడు.

*

ఎస్సై రేవు దగ్గరికి చేరేసరికి ఏడున్నర.

ఆమెకి ఆ స్టేషన్లో అది ఆరో నెల. మోకాళ్ళ మీద కూర్చుని శవాన్ని చూసింది. మొహం ఉబ్బిపోయి ఉంది. ఎక్కడో చూసినట్టూ ఉంది, చూడనట్టూ ఉంది.

తల మీద దెబ్బ లేదు. మెడ మీద గుర్తు లేదు. ఎడమ అరచేతిలో మాత్రం అడ్డంగా ఎర్రటి గీత. చర్మం ఊడి వచ్చింది.

"తాడు ఒరుసుకుంది," అంది.

"సూసైడ్ మేడం," అన్నాడు కానిస్టేబుల్. పెద్దవాడు. రిటైర్మెంటుకి రెండేళ్ళుంది. "మొన్న ఇంజనీరు మెమో ఇచ్చాడట. పరువు గల మనిషి. తట్టుకోలేకపోయుంటాడు."

"మీకు ముందే తెలుసా ఈయన?"

కానిస్టేబుల్ ఏటి వైపు చూశాడు.

"ఊళ్ళో అందరికీ తెలుసు మేడం."

"చచ్చిపోదామనుకున్నవాడు అరచెయ్యి ఊడిపోయేలా తాడు ఎందుకు పట్టుకుంటాడు?"

అతను పంచనామా కాయితాలు తీశాడు.

*

తొమ్మిదిన్నరకి ఆమె ఆ ఇంట్లో ఉంది.

వంతెన మొదట్లోనే క్వార్టర్స్. రెండు గదులు, పెరడు. గోడకి పెద్ద మేకు. దాని కింద సున్నం మీద గుండ్రంగా నల్లటి మరక. ఏళ్ళ తరబడి తడి తాడు వేలాడిన చోటు. ఇప్పుడు మేకు ఖాళీ.

అల్లుడిని ముందు పిలిచింది.

"గురువారం పొద్దున మామతో గొడవ పడ్డారట?"

"ఎవరు చెప్పారు?"

"పక్కింటివాళ్ళు. పడ్డారా లేదా?"

"పడ్డాను మేడం. ఉద్యోగం మానెయ్యమన్నాను. ముసలాయన వయసుకి వర్షంలో రెయిలింగు పట్టుకుని వేలాడడమేంటి?"

"ఎన్ని గంటలకి?"

"ఎనిమిది. ఎనిమిదీ పది."

"మూడింటికి మీరెక్కడ?"

"ఇక్కడే. మంచం మీద."

"చూసినవాళ్ళు?"

"నా గురక విన్నవాళ్ళు ఇద్దరున్నారు. మా అత్తయ్య, నా పెళ్ళాం." చెప్పాక అది నవ్వాల్సిన సమయం కాదని గుర్తొచ్చి తల దించుకున్నాడు. "నిద్రపోయాను మేడం. అదే నా నేరం. మెలకువగా ఉంటే కాళ్ళు పట్టుకునైనా ఆపేవాణ్ణి."

తర్వాత ఇంజనీరు. కబురు పెడితే తనే వచ్చాడు. చేతిలో గొడుగు. గొడుగు మడవడం కూడా మర్చిపోయి గదిలో నిలబడ్డాడు.

"మెమో ఎందుకిచ్చారు?"

"రిజిస్టరు పాడు చేశాడు మేడమ్ గారూ."

"అంటే?"

"లోతు రాసే కాలమ్ ఒకటుంటుంది. పోయినేడాది నుంచీ అందులో అంకె పక్కన 'మెత్తగా ఉంది' అని రాయడం మొదలెట్టాడు. వంతెన మూడో కాలు, ఎనిమిది బారలు, మెత్తగా ఉంది. ప్రతిసారీ ఇదే. మెత్తదనానికి రిజిస్టరులో కాలమ్ లేదు. పైవాళ్ళు నన్ను అడుగుతారు, మెత్తగా అంటే ఎంత? నేనేం చెప్పను?"

"ఎనిమిది బారలంటే తగ్గిందా పెరిగిందా?"

"ఏదీ కాదు. రెయిలింగు నుంచి ఇసుక దాకా మూడో కాలు దగ్గర ఎప్పుడూ ఎనిమిదే. నేను వచ్చినప్పటి నుంచీ ఎనిమిదే. వంతెనకి ఏ జబ్బూ లేదు."

"గురువారం పదకొండుకి ఎందుకొచ్చారు?"

"మెమోకి జవాబు మీద సంతకం కోసం. పెట్టనన్నాడు. 'రెండు రోజులాగండి సార్, ఆధారం చూపిస్తా' అన్నాడు." ఇంజనీరు గొడుగు చివరి నుంచి నీళ్ళు కారి నేల మీద చిన్న మడుగు కట్టాయి. "నేను కోప్పడలేదు మేడమ్ గారూ. ఒట్టు. ఆయన టీ ఇస్తే తాగాను కూడా."

"సగం," అంది భార్య లోపలి గదిలోంచి.

అది ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి మాట.

*

ఎస్సై లోపలికి వెళ్ళి మంచం పక్కన నేల మీద కూర్చుంది. ఆవిడ కింద కూర్చోలేదు, పైన కూర్చుని మాట్లాడడం ఎస్సైకి ఇష్టం లేదు.

"మూడింటికి వెళ్ళేటప్పుడు ఏమైనా చెప్పారా అమ్మా?"

"చెప్పులు వద్దన్నాడు. జారతాయట."

"ఇంకేమన్నారు?"

"హుషారుగా ఉన్నాడమ్మా. చచ్చిపోవడానికి వెళ్ళేవాడు అలా ఉండడు. బుధవారం నుంచీ అంతే. పెరట్లో బేసిన్లో ఇసుక పోసి, సీసా గుచ్చి, నీళ్ళు పోస్తూ కూర్చున్నాడు. చిన్నపిల్లాడి ఆటలేంటని కసిరాను కూడా. నవ్వాడు."

"ఎందుకంత హుషారు?"

"ఎవరో ఒకావిడ మంచి మాట చెప్పిందట. కళ్ళజోడు బాగు చేయించుకొస్తానని మంగళవారం వెళ్ళాడు కదా, అప్పుడు. ఇరవై ఆరేళ్ళలో తనకి తట్టనిది ఆవిడకి తట్టిందట."

"ఏం చెప్పిందట ఆవిడ?"

"దొంగని దొంగతనం చేస్తుండగా పట్టుకోవాలి, అన్నీ సర్దేసి వెళ్ళిపోయాక కాదు అని."

ఎస్సై పెన్ను ఆగిపోయింది.

కానిస్టేబుల్ గుమ్మం దగ్గర దగ్గాడు. దగ్గు రాకపోయినా దగ్గాడు.

*

మంగళవారం. పదకొండుంబావు.

నెత్తిన తువ్వాలు చుట్టుకుని, నీళ్ళోడుతూ ఒక ముసలాయన స్టేషన్లోకి వచ్చాడు. ఇసుక దొంగతనం జరుగుతోందని కాయితం ఇచ్చాడు.

"ఎన్ని లారీలు?" అంది ఎస్సై తలెత్తకుండానే.

"లారీలు కాదమ్మా. నీళ్ళు."

కానిస్టేబుల్‌కి టీ ముక్కులోంచి వచ్చింది. రైటరు బల్ల మీద కొట్టి నవ్వాడు. ఆమె కూడా నవ్వింది.

"నీళ్ళని అరెస్టు చేయాలంటే సాక్ష్యం కావాలి పెద్దాయనా. ఎప్పుడు కొలిచారు?"

"రూలు ప్రకారమేనమ్మా. వరద తగ్గిన మూడో రోజు."

"ఎంతుంది?"

"ఎప్పుడూ ఉన్నంతే. కానీ గుండు దిగబడుతోందమ్మా. ఇసుక మెత్తగా..."

"ఉన్నంతే ఉంటే ఇక పోయిందేముంది? దొంగని దొంగతనం చేస్తుండగా పట్టుకోవాలి. అన్నీ సర్దేసి వెళ్ళిపోయాక కాదు."

మళ్ళీ నవ్వులు. ముసలాయన మాత్రం నవ్వలేదు. ఒక నిమిషం అలాగే నిలబడ్డాడు.

"నిజమేనమ్మా," అన్నాడు. "నాకు ఇన్నేళ్ళూ తట్టలేదు."

రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి వెళ్ళిపోయాడు.

*

ఆ ఇంట్లో ఆయన చొక్కా ఇంకా తలుపు వెనక కొక్కేనికి వేలాడుతోంది. శుక్రవారం పన్నెండూ నలభైకి ఎస్సై దాని జేబులో చెయ్యి పెట్టింది. నాలుగు మడతల కాయితం.

విప్పక్కర్లేదు. అయినా విప్పింది.

కింద ఎర్ర సిరాతో ఒక వాక్యం. "మా పరిధి కాదు. సంబంధిత శాఖకి వెళ్ళగలరు." పక్కన పొట్టి సంతకం.

సంతకం ఆమెదే.

కాయితాన్ని మళ్ళీ అవే మడతల మీద మడిచింది. సాక్ష్యాల కవరులో పెట్టాలి. తన నోటుబుక్కులో పెట్టుకుంది.

బయట జీపు దగ్గర కానిస్టేబుల్ నేల చూపులు చూస్తున్నాడు.

"రేవు దగ్గరే గుర్తుపట్టారు కదూ?" అంది.

"తువ్వాలు లేకపోయినా పట్టాను మేడం."

"అందుకేనా సూసైడ్ అన్నారు?"

"మెమో వల్ల అయితే అది ఇంజనీరు గొడవ. మన దాకా రాదు కదా అని."

అతని మీద కోపం రావాలి. రాలేదు. ఎందుకంటే ఆ క్షణాన ఆమె మనసులోనూ అలాంటిదే ఒకటి ఉంది. ఆ ముసలాయన్ని ఎవరైనా తోసి ఉంటే బావుండునని. అల్లుడో, ఇంజనీరో, దారిన పోయే తాగుబోతో. ఎవరో ఒకరు.

*

రెండింటికి వంతెన ఎక్కారు. ఏరు ఇంకా ఎర్రగా పోతోంది కానీ జోరు తగ్గింది. ఆ ఏరు అంతే. ఎంత వేగంగా పొంగుతుందో అంత వేగంగా తీస్తుంది.

మూడో కాలు పైన రెయిలింగుకి తాడు కట్టి ఉంది.

ఆ తాడుని ముందు రోజు సాయంత్రమే ఎవరో చూశారని కానిస్టేబుల్ చెప్పాడు. ఉరేసుకోబోయి మనసు మార్చుకుని దూకాడని ఊళ్ళో అనుకుంటున్నారట.

ఎస్సై వంగి చూసింది.

తాడు రెయిలింగుకి రెండు చుట్లు తిరిగి, బిగువుగా ముడి పడి ఉంది. వాడకుండా మిగిలిన తాడు నడకదారి మీద చక్కగా చుట్ట చుట్టి ఉంది. గాలికి కదలకుండా చుట్ట మీద ఒక రాయి.

"దూకేవాడు తాడు చుట్ట చుడతాడా? మీద రాయి పెడతాడా?"

"అలవాటు కొద్దీ మేడం."

"సరే. ఈ ముడి ఎందుకు వేశాడు?"

అది కూతురు చెప్పింది. ఆమె వాళ్ళ వెనకే వచ్చింది, పిలవకుండానే.

"నాన్న అంతే మేడం. గుండు ఇసుకని తాకగానే తాడు బిగించి, రెయిలింగు దగ్గర ముడేస్తారు. తర్వాత ముడి నుంచి లెక్క పెడతారు. చేతిలో పట్టుకుని లెక్కపెడితే మనసు మోసం చేస్తుందనేవారు. ముడి మోసం చెయ్యదట."

"అంటే ఈ ముడే ఆయన కొలత?"

"అవును. రాయడం ఇంటికొచ్చాకే."

ఎస్సై చుట్ట విప్పి లెక్కపెట్టింది. ముడికీ తాడు కొసకీ మధ్య రెండున్నర బారలు.

"మొత్తం తాడు ఎన్ని బారలు?"

"పద్నాలుగు. ఐదోదానికీ పదోదానికీ ఎర్ర గుడ్డ పేలికలు నేనే కుట్టాను."

రెయిలింగు మీద చెయ్యి ఆనించి కిందికి చూసింది ఎస్సై. నీళ్ళలో ఏమీ కనిపించలేదు. చెయ్యి తీస్తుంటే వేలికి ఏదో తగిలింది. రెయిలింగు ఆ చోట రెండు ముక్కలుగా ఉంది. ఒక ముక్క కంటే ఇంకో ముక్క వేలెడు కిందికి ఉంది.

ఒక బస్సు వెళ్ళింది. ఆ అతుకు మీద చక్రాలు దడ్‌మన్నాయి. ముందు చక్రాలు ఒకసారి. వెనక చక్రాలు ఒకసారి.

*

శనివారం ఉదయం తొమ్మిదికి మూడో కాలు చుట్టూ ఇసుక బయటపడింది.

తెల్లగా, చదునుగా, ఎవరో ఇప్పుడే చాప పరిచినట్టు ఉంది. తాడు పైనుంచి నిటారుగా దిగి, ఇసుకలోకి వెళ్ళిపోయింది.

ఎస్సై కింద నిలబడింది. అల్లుడు పైనుంచి ముడులు లెక్కపెట్టాడు. రెయిలింగు నుంచి ఇసుక దాకా, ఎనిమిది.

"ఇంజనీరు చెప్పిందే కరెక్టు మేడం," అన్నాడు కానిస్టేబుల్. "ఎనిమిది. మిగతా తాడు, గుండు తెగి కొట్టుకుపోయుంటాయి."

"లాగండి."

కానిస్టేబుల్ తాడు పట్టి లాగాడు. రాలేదు. ఇద్దరూ లాగారు. చెట్టు వేరు లాగినట్టుంది. తెగిన తాడు అలా ఉండదు.

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో తవ్వింది. మోచెయ్యి లోతు. భుజం లోతు. తాడు పక్కకి వంగలేదు. నిటారుగా కిందికే పోతోంది.

పద్నాలుగు బారల తాడు. పైన మిగిలింది రెండున్నర. గాల్లో ఎనిమిది. మరి మూడున్నర?

"మీ పైపులు తీసుకురండి," అంది అల్లుడితో.

పది గంటలకి మొదలుపెట్టాడు. తాడుకి జానెడు పక్కన పైపు నిలబెట్టి, నీళ్ళు పోస్తూ తిప్పాడు. రెండు తిప్పులకే అతని మొహం మారింది.

"ఏమైంది?"

"దిగిపోతోంది మేడం. నేను తిప్పకుండానే. తడిపిన పిండిలోకి వేలు దిగినట్టు."

"ఇసుకంతా ఇంతేగా?"

అతను మాట్లాడకుండా పైపు తీసి, ఇరవై అడుగుల అవతల నిలబెట్టాడు. ఒళ్ళంతా బరువేసి తిప్పాడు. సగం బార దిగి ఆగిపోయింది. సుత్తితో కొట్టినా కదల్లేదు.

మళ్ళీ తాడు దగ్గరికి వచ్చాడు. రెండో పైపు బిగించాడు. మూడోది బిగించాడు. పదకొండూ ఇరవైకి పైపు అడుగు నుంచి ఒక శబ్దం వచ్చింది.

ఠంగ్.

ఇనుముని ఇనుము తాకిన శబ్దం.

అల్లుడు పైపు మీద గుర్తు పెట్టి బయటికి లాగాడు. చేతులు చాపి కొలిచాడు. ఒకటి. రెండు. మూడు. సగం.

తర్వాత అక్కడే ఇసుకలో కూలబడ్డాడు.

"మా మావయ్య గుండు," అన్నాడు. "ఇంత లోతున ఇసుక కింద ఎవరు పెట్టారు మేడం?"

*

రెండింటికి ఆమె వంతెన రెండు వైపులా బారికేడ్లు పెట్టించింది.

నాలుగూ పదికి ఫోన్ మోగింది. పై అధికారి.

"ఎవరి ఆర్డరు మీద మూశావమ్మా?"

"ప్రమాదం ఉంది సార్. మూడో కాలు కింద..."

"నువ్వు ఇంజనీరువా?"

"కాదు సార్."

"ఇంజనీరు రాసిచ్చాడా?"

"లేదు సార్."

"అవతల అంబులెన్సు ఆగిపోయింది. నలభై బస్సులు ఆగాయి. తియ్యి."

"సార్, ఒక్క రోజు..."

"నాలుగున్నరకల్లా తీసినట్టు మెసేజ్ రావాలి."

నాలుగూ ఇరవై ఎనిమిదికి తీశారు. కానిస్టేబుల్ బారికేడ్లని రోడ్డు పక్కకి ఈడుస్తుంటే, వరసలో ముందున్న లారీ డ్రైవరు హారన్ కొట్టి, "మధ్యాహ్నం నుంచి ఆడుకోవడానికి ఇదే దొరికిందా?" అని అరిచాడు.

ఎగువన ఆకాశం మళ్ళీ నల్లబడుతోంది.

*

ఐదున్నరకి అందర్నీ ఆ ఇంట్లో కూర్చోబెట్టింది. భార్య, కూతురు, అల్లుడు, ఇంజనీరు. కానిస్టేబుల్ గుమ్మంలో.

"ఆయన్ని ఎవరూ తొయ్యలేదు," అంది. "ఆయన దూకలేదు కూడా. గురువారం మూడుంబావుకి, వరద మంచి జోరు మీద ఉండగా, కొలత తీశాడు. ముడి వేశాడు. మిగిలిన తాడు చుట్టి రాయి పెట్టాడు. తర్వాత గుండు నిజంగా అడుగునే ఉందా అని తాడు ఎడం చేత్తో పట్టుకుని వంగి చూసుంటాడు. కాలు జారింది. తాడు వదల్లేదు. అరచేతి తోలు ఊడిపోయేదాకా వదల్లేదు."

ఎస్సై గోడకున్న ఖాళీ మేకు వైపు చూసింది.

"మనందరం తాడు చూశాం. ఉరి అనుకున్నాం, తెగింది అనుకున్నాం. అది మాత్రం ఇసుకలోకి మూడున్నర బారలు నిటారుగా దిగి ఉంది. గట్టి ఇసుకలోకి తాడు అలా ఎలా దిగుతుంది?"

"దిగదు," అన్నాడు అల్లుడు.

"దిగదు. గుండు పడినప్పుడు అక్కడ ఇసుక లేదు. మూడున్నర బారల గొయ్యి ఉంది. ఇసుక తర్వాత వచ్చింది."

"ఎక్కడి నుంచి వస్తుంది మేడమ్ గారూ?" అన్నాడు ఇంజనీరు.

కూతురు లేచింది. పెరట్లోంచి బేసిన్ తెచ్చింది. అందులో ఇసుక, మధ్యలో గుచ్చిన సీసా. వాళ్ళ నాన్న వదిలేసింది వదిలేసినట్టే ఉంది. బేసిన్ ఒక వైపు కొంచెం ఎత్తి, చెంబుతో జోరుగా నీళ్ళు పోసింది.

నీళ్ళు సీసాని కొట్టాయి. దారి లేక దాని మొహం మీంచి కిందికి దూకాయి. చుట్టూ సుడి తిరిగాయి. సీసా మొదట్లో ఇసుక గిరగిరా లేచిపోయింది. గొయ్యి పడింది. సీసా పక్కకి వాలింది.

తర్వాత ఆమె మెల్లగా పోసింది. పైనుంచి కొట్టుకొచ్చిన ఇసుక గోతిలోకి జారింది. చదునుగా, శుభ్రంగా నిండిపోయింది.

"ఇప్పుడు కొలిస్తే ఎనిమిదే వస్తుంది సార్," అంది కూతురు. "నాన్న బుధవారం చూపించారు నాకు. ఇన్నేళ్ళూ దొంగ సర్దిన ఇల్లు కొలిచానమ్మా అన్నారు."

వాలిన సీసాని అందరూ చూశారు. దాన్ని నిలబెట్టడానికి ఎవరూ చెయ్యి చాపలేదు.

"కాలు పునాది ఎంత వరకు ఉంది?" అడిగింది ఎస్సై.

"రెయిలింగు నుంచి పదమూడు బారలు."

"గొయ్యి పదకొండున్నర దాకా పోయింది. మిగిలింది ఒకటిన్నర. ఇంకో వరద వస్తే?"

ఇంజనీరు బేసిన్‌ని కాలితో కొంచెం అవతలికి జరిపాడు.

"తాడు నీళ్ళ జోరుకి వంగి ఉండొచ్చు," అన్నాడు. ఆ మాట తనే నమ్మలేదని అతని మొహమే చెప్పింది. "వంతెన మూయాలంటే కారణం రాయాలి. కారణం కొలతలో ఉండాలి. లెక్కలోకి వచ్చే కొలత వరద తగ్గిన మూడో రోజుది. అది ఎనిమిది. నేను ఇవాళ పైకి రాస్తాను మేడమ్ గారూ, నిజంగా రాస్తాను. వాళ్ళు టీమ్‌ని పంపిస్తారు."

"ఎప్పుడు?"

"వానలు తగ్గాక. నీళ్ళు పూర్తిగా తీశాక."

"అప్పుడు కొలిస్తే ఎంత వస్తుంది?"

అతను గొడుగు తీసుకున్నాడు. ఈసారి టీ ఇచ్చినవాళ్ళు లేరు.

"ఎనిమిది," అన్నాడు. తలుపు దగ్గర చెప్పులు వెతుక్కుని, వేసుకోకుండా చేత్తో పట్టుకుని వర్షంలోకి దిగాడు.

*

అల్లుడు బేసిన్ పెరట్లో పెట్టడానికి వెళ్ళాడు. కానిస్టేబుల్ జీపు దగ్గరికి వెళ్ళాడు. కూతురు షాపుకి ఫోన్ చేసి, సోమవారం ఎనిమిదింటి బస్సుకే వస్తానని చెబుతోంది. ఇంకో దారి లేదు మరి.

భార్య గోడ పట్టుకుని నడిచి గుమ్మం దాకా వచ్చింది. ఎస్సై అప్పటికే మెట్టు దిగింది.

"ఆయన దూకలేదని రాస్తావా అమ్మా?"

"రాస్తానమ్మా. అది మాత్రం రాస్తాను. దాన్ని ఎవరూ ఆపలేరు."

"అది చాలు." ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "ఇంకొక్కటి. ఆ మాట చెప్పిన ఆవిడ దొరికిందా? దొంగ ఉండగా పట్టుకోవాలని చెప్పింది కదా, ఆవిడ. ఆవిడ్ని తిట్టాలని కాదు. ఆయన అంత సంతోషపడ్డాడు కదా, ఒకసారి చూద్దామని."

దొరకలేదని చెప్పొచ్చు. కానిస్టేబుల్ ఎవరికీ చెప్పడు. రైటరుకి ఆ ముసలాయన మొహమే గుర్తుండదు. రికార్డులో ఎక్కడా లేదు.

ఎస్సై నోటుబుక్కు తెరిచింది. నాలుగు మడతల కాయితం తీసి ఆవిడ చేతిలో పెట్టింది.

"కళ్ళజోడు కోసం కాదమ్మా. మంగళవారం ఆయన స్టేషన్‌కి వచ్చారు. ఈ కాయితం ఇచ్చారు. వెనక్కి ఇచ్చేశాను. ఆ మాట చెప్పింది నేనే."

ఆవిడ కాయితం విప్పింది. ఎర్ర సిరా మీద వేలు పెట్టి, అక్షరం అక్షరం చదివింది.

"మంచి మాటేగా చెప్పావు," అంది నెమ్మదిగా.

"మంచి మాటగా చెప్పలేదమ్మా. అందరం నవ్వుకోవడానికి అన్నాను. అందరం నవ్వాం కూడా."

"ఆయన కూడా నవ్వాడా?"

"లేదు. దండం పెట్టారు."

ఎగువన ఉరిమింది. వంతెన మీద బస్సు లైట్లు వెలిగాయి. ఆరింటి బస్సు. కిటికీల నిండా మనుషులు.

ఆవిడ ఆ బస్సుని చూసింది. మెట్టు కింద తడుస్తున్న ఎస్సై యూనిఫారాన్ని చూసింది. భుజం మీది నక్షత్రాలని చూసింది.

"నవ్వులాటకి అన్న నీ మాట విని ఆయన పోయాడు," అంది. "ఇప్పుడు నిజంగా చెబుతుంటే ఎవరూ వినట్లేదు."

"అమ్మా..."

వంతెన మూడో కాలు మీద బస్సు ముందు చక్రాలు దడ్‌మన్నాయి. వెనక చక్రాల శబ్దం కోసం ఎస్సై తల తిప్పింది.

వెనకాల తలుపు మూసుకుంది. లోపల గడియ పడింది.